పులికాట్ ఒడ్డున గుల్లల పొర: మనుషులు తిని పడేసిందా, సముద్రం తెచ్చి వేసిందా?

పెరంబూరు_శ్రీను
అందరికీ నమస్తే. పాత గుళ్లు, శాసనాల గురించి ఇక్కడ చాలామంది రాస్తుంటారు కాబట్టి ఇది మీ దగ్గరే అడగాలనిపించింది. చెన్నైకి ఉత్తరాన పొన్నేరి దాటాక పులికాట్ సరస్సు వైపు మా అత్తగారి ఊరు. ఊరి పేరు కావాలనే రాయడం లేదు, రాస్తే రేపే ఎవరో ఒకరు పార పట్టుకుని దిగుతారు. అక్కడ రొయ్యల చెరువు కోసం జేసీబీతో తవ్వుతుంటే గట్టు నిలువుగా తెగి లోపలి పొరలన్నీ బయటపడ్డాయి. పైన జానెడు మట్టి, దాని కింద మోకాలెత్తు మందాన అన్నీ గుల్లలే, ఆ గుల్లల మధ్యలో నల్లగా ఒక చార. మందంగా, గీతలు గీతలుగా ఉన్న జంట చిప్పల రకం ఎక్కువ, వేలంత పొడుగున మెలికలు తిరిగిన నత్తలు కొన్ని, అక్కడక్కడా ఆలిచిప్పలు. ఫోటోలు పెట్టాను, సైజు తెలియడానికి పక్కన ఆరంగుళాల స్కేలు ఉంచి తీశాను. సున్నానికి పనికొస్తాయని ట్రాక్టర్లలో ఎత్తేస్తున్నారు, అదే నా టెన్షన్. వేల ఏళ్ల కిందటి మనుషులు గుల్లలు తిని పడేసిన దిబ్బలు ఉంటాయని చదివాను. ఇది అదేనా?

అన్నానగర్_మాధవి
ఫోటోలు చూశాను, మూడోది చాలా బాగా వచ్చింది. ఫాలో అవుతున్నా.

వేళచ్చేరి_లలిత
శ్రీను గారూ, ముందు ఒక మాట. ఆ గట్టులోంచి ఏదీ చేత్తో లాగకండి, మంచి గుల్ల కనిపించినా సరే. పురావస్తు శాస్త్రంలో పరిశోధన చేస్తున్నాను, గుల్లల దిబ్బల మీద కొంత పని చేశాను కాబట్టి చెప్తున్నా. ఏ వస్తువు ఏ పొరలో ఉంది, దేని పక్కన ఉంది అన్నదే అక్కడ అసలు సాక్ష్యం, లాగేశాక చేతిలో మిగిలేది ఉత్త గుల్ల.

మనుషులు వేసిన దిబ్బకి, సముద్రం వేసిన పొరకి తేడా పట్టడానికి చూడాల్సినవి ఇవి. మనిషి ఏరుకుంటాడు. తినడానికి పనికొచ్చే రకాలు, తినగలిగినంత సైజు ఉన్నవే తెచ్చుకుంటాడు, గోరంత పిల్ల గుల్లల జోలికి పోడు. సముద్రానికి ఆ పట్టింపు లేదు, పిల్లా పెద్దా, తినేవీ తిననివీ, విరిగినవీ అరిగినవీ అన్నీ కలిపి తోస్తుంది. అలల్లో దొర్లిన గుల్ల అంచులు నున్నగా అరిగిపోతాయి, వండి పడేసిన గుల్ల అంచు పదునుగానే ఉంటుంది. ఇక బొగ్గు, బూడిద, చేప ముళ్లు, జంతువుల ఎముకలు, నిప్పుకి పగిలిన రాళ్లు, రాతి పెచ్చులు, కుండ పెంకులు. వీటిలో రెండు మూడు ఒకే పొరలో కలిసి దొరికితే అప్పుడు మనుషుల గురించి ధైర్యంగా మాట్లాడొచ్చు.

మీ నల్ల చార దగ్గరగా తీసిన ఫోటో కావాలి. గుల్లల లోపలి వైపు ఎలా ఉందో కూడా చూసి చెప్పండి, కింద రాలిపడినవి చూస్తే చాలు.

సూళ్లూరుపేట_మస్తాన్
తమ్ముడూ శ్రీనూ, ఉన్నమాట చెప్తున్నా, ఏమనుకోవద్దు. మాది సరస్సుకి ఇవతలి ఒడ్డు. ఈ గుల్లలు ఇక్కడ ఎక్కడ తవ్వినా తగుల్తాయి. మా నాన్నగారి కాలంలో సరస్సు అడుగునుంచి, ఒడ్డు భూముల్లోంచి గుల్లలు తీసి సున్నం బట్టీలకి వేసేవాళ్లు, ఆ సున్నం గానుగ ఆడించి పాత మేడలకి గచ్చు చేసేవాళ్లు. అవేవీ ఎవరో తిని పడేసినవి కావు, ఒకప్పుడు నీళ్లు అక్కడిదాకా ఉండి, గుల్లలు అక్కడే పుట్టి అక్కడే చచ్చినవి. ఇది కూడా అదేనని నా అనుమానం. అలా కాకపోతే సంతోషించేవాళ్లలో నేనే ముందుంటా.

అడయార్_ప్రసాదరావు
మస్తాన్ గారి మాట తీసిపారేయలేం. నేను భూగర్భ శాస్త్రంలో పనిచేసి రిటైరయ్యాను, తీరం వెంట పొరలు చాలానే చూశాను. సుమారు 20 వేల ఏళ్ల కింద మంచుయుగం గట్టిగా ఉన్నప్పుడు సముద్ర మట్టం ఇప్పటికంటే దాదాపు 120 మీటర్లు కిందకి ఉండేది. తరవాత మంచు కరిగి నీళ్లు పెరుగుతూ వచ్చి, ఇంచుమించు 6 వేల ఏళ్ల కిందటికి మన తూర్పు తీరంలో ఇప్పటి మట్టానికి చేరి, కొన్నిచోట్ల కాస్త మించింది కూడా. ఆ కాలంలో పులికాట్ లాంటి కయ్యలు ఇప్పటికంటే లోపలికి చొచ్చుకుని ఉండేవి. నీళ్లు వెనక్కి తగ్గాక ఆ గుల్లల పడకలు నేల కింద ఉండిపోయాయి. కేరళ వేంబనాడ్ సరస్సు అడుగున సున్నానికి తవ్విన గుల్లలు కూడా ఇలా సహజంగా చేరినవే.

ఇందులో ఇంకో సంగతి ఉంది. తీరం వెంట బతికిన అంతకుముందు మనుషుల ఆనవాళ్లు చాలావరకు ఇప్పుడు సముద్రం అడుగున ఉండి ఉంటాయి, ఎందుకంటే వాళ్ల తీరమే వేరు. ప్రపంచంలో కనిపించే గుల్లల దిబ్బల్లో ఎక్కువ భాగం గత 6, 7 వేల ఏళ్లవే కావడానికి కారణం కొంతవరకు ఇదే. అంతకుముందు మనుషులు గుల్లలు తినలేదని కాదు. దక్షిణాఫ్రికాలో పినకిల్ పాయింట్ అనే గుహలో 1,64,000 ఏళ్ల కిందటే తిన్న ఆధారం దొరికింది. అది కొండ అంచున ఎత్తులో ఉన్న గుహ కాబట్టి మిగిలింది.

తుఫాను, సునామీ కూడా గుల్లల పొర వేస్తాయి. 2004 డిసెంబరు 26న మన తీరమంతా చూశాం కదా. అలాంటి పొరలో ఇసుక కలిసి ఉంటుంది, అడుగున ముతకగా మొదలై పైకి పోనుపోను సన్నబడుతుంది. శ్రీను గారూ, మీ గుల్లల మధ్య ఉన్నది ఇసుకా, బంకమట్టా, బూడిద మట్టా? చిటికెడు వేళ్ల మధ్య నలిపి చూడండి.

పెరంబూరు_శ్రీను
సార్, మేడం, మళ్లీ వెళ్లి చూశాను. దగ్గరగా చూస్తే పొర ఒకటి కాదు, రెండున్నాయి. అడుగుది బురదలో ఉంది, అందులో రెండు చిప్పలూ కలిసి మూసుకున్న గుల్లలు చాలా ఉన్నాయి, చిన్నవీ పెద్దవీ కలగలుపు. పైది వేరేగా ఉంది. మట్టి బూడిద రంగు, నలిపితే మెత్తగా వేలికి అంటుకుంటోంది. గుల్లలన్నీ విడివిడి చిప్పలు, దాదాపు ఒకే సైజు, అడ్డదిడ్డంగా పడి ఉన్నాయి. నల్ల చార ఈ పై పొరలోనే, మధ్యలో మందంగా ఉండి గిన్నె అడుగులా రెండు పక్కలకీ సన్నబడుతోంది. దాని పక్కన గుల్లలు కొన్ని తెల్లబారి, పట్టుకుంటే పొడి అయ్యేలా ఉన్నాయి. కింద రాలిన వాటిలో ఒకదాని లోపలి వైపు సముద్రపు పొక్కుల్లాంటివి అంటుకుని ఉన్నాయి, ఫోటో పెడుతున్నా.

వేళచ్చేరి_లలిత
బాగా చూశారు! అడుగు పొర మస్తాన్ గారు చెప్పినదే అనుకుంటున్నా, జంట విడిపోకుండా మూసుకుని ఉన్నాయంటే అవి ఉన్నచోటే చచ్చిపోయాయి. పై పొర అలా లేదు. విడి చిప్పలు, ఒకే సైజు, బూడిద మట్టి, గిన్నె ఆకారంలో నల్ల చార, పక్కనే కాలిన గుల్లలు. అది పొయ్యి కావచ్చు. ‘కావచ్చు’ వరకే.

ఆ పొక్కులు బార్నకిల్స్, అంటే రాళ్లకీ గుల్లలకీ అంటుకుని పెరిగే చిన్న సముద్ర జీవులు. అవి గుల్ల లోపలి వైపు పెరిగాయంటే లోపలి ప్రాణి చచ్చి, చిప్ప తెరుచుకుని, ఖాళీగా నీళ్లలో పడి ఉన్నాక పెరిగినవే. చచ్చిన గుల్లని తినడానికి ఎవరూ ఏరుకోరు కదా. కానీ రాలిపడిన గుల్ల ఏ పొరదో తెలియదు, ఒక్కదానితో తేల్చలేం. పొరపొరగా నమూనా తీసి, ఏ పొరలో నూటికి ఎన్నిటికి ఇలా ఉంది అని లెక్కపెట్టాలి. కుడి చిప్పలు ఎన్ని, ఎడమ చిప్పలు ఎన్ని అని కూడా వేరు చేస్తాం. మనిషి పడేస్తే రెండూ ఇంచుమించు సమానంగా ఉంటాయి, అలలు తోస్తే ఒక వైపువి ఎక్కువ పోగుపడటం మామూలే.

ఈ గొడవ కొత్తది కూడా కాదండీ. డెన్మార్క్‌లో 1850లో మైల్గార్డ్ అనేచోట రోడ్డుకి వెయ్యడానికి గుల్లలు తవ్వుతుంటేనే రాతి పనిముట్లు బయటపడ్డాయి. ఆ దేశం గుల్లల గుట్టల్ని పరిశీలించడానికి పెట్టిన కమిటీలో స్టీన్‌స్ట్రుప్ అనే జంతుశాస్త్రవేత్త మొదట అవి సముద్రం వేసినవే అనుకున్నారు, వోర్సో అనే పురావస్తు శాస్త్రవేత్త మనుషుల పనే అన్నారు. పెద్ద గుల్లలే ఉండటం, ఎముకలు, చెకుముకి రాళ్లు కలిసి ఉండటం చూశాక రెండోదే నిలబడింది. ఆస్ట్రేలియాలో వీపా అనే ఊరి దగ్గర మనిషి ఎత్తుని మించిన గుట్టలు ఉన్నాయి, అందులో ఎక్కువ భాగం ఇలాంటి గీతల గుల్లే. అవి ఒక జాతి అడవికోడి గుడ్లు పెట్టడానికి కాళ్లతో పోగుచేసిన గుట్టలు అని ఒకాయన వాదించారు, చాలా ఏళ్లు నడిచింది ఆ చర్చ. చివరికి ఎక్కువమంది మనుషులవే అని ఒప్పుకున్నారు.

అన్నానగర్_మాధవి
నాకో సందేహం. కేవలం గుల్లలు తిని మనుషులు బతకగలరా? ఒక్కో గుల్లలో ఉండే మాంసం ఎంతని! ఇంత గుట్ట చూసి ‘ఇదే వాళ్ల తిండి’ అంటే నమ్మబుద్ధి కావడం లేదు.

వేళచ్చేరి_లలిత
మంచి ప్రశ్న, మాధవి గారూ. జెఫ్ బెయిలీ అనే పురావస్తు శాస్త్రవేత్త ఇదే లెక్క వేశారు. ఒక పెద్ద దుప్పి ఇచ్చే శక్తి ఆయిస్టర్ల నుంచి రావాలంటే 50 వేలకు పైగా తినాలట. గుల్ల కుళ్లిపోదు, మాంసం మిగలదు, కాబట్టి దిబ్బని చూసి రోజూ ఇదే తిన్నారనుకోవడం మోసపోవడమే. అయితే గుల్ల విలువ వేరే చోట ఉంది. వేట దొరకని రోజున, ఎండాకాలం తిండి తక్కువైనప్పుడు, పిల్లలు కూడా వెళ్లి ఏరుకు రాగలిగేది అది. ఉత్తర ఆస్ట్రేలియాలో అన్‌బారా అనే ఆదివాసులతో కలిసి ఉండి బెటీ మీహన్ అనే పరిశోధకురాలు ఇదంతా రాసుకున్నారు, అక్కడ గుల్లలు ఏరేది ఎక్కువగా ఆడవాళ్లే, ఏరినచోటే కొన్ని కాల్చుకుని తిని, మిగతావి ఇంటికి తెచ్చేవాళ్లు. అంటే ఏరినచోట ఒక చిన్న దిబ్బ, ఇంటి దగ్గర ఒక పెద్ద దిబ్బ.

సూళ్లూరుపేట_మస్తాన్
ఇది మాత్రం నా కళ్లతో చూసింది. సరస్సులో యానాది, ఇరుల ఆడవాళ్లు నడుముల్లోతు నీళ్లలో కూర్చుని బురదలో చేతులతో తడుముతూ రొయ్యలు పడతారు, తాటాకు బుట్ట పళ్ల మధ్య కరిచి పట్టుకుని రెండు చేతులూ నీళ్లలోనే. వలా లేదు, పడవా లేదు. ఎక్కడ బురద మెత్తన, ఎక్కడ గుల్ల కోస్తుంది అనేది కాలి వేళ్లకే తెలుసు వాళ్లకి. లలితమ్మా, ఎప్పుడైనా అక్కడ సర్వే జరిగితే వాళ్లని అడగకుండా చేయొద్దు. ఆ గీతల గుల్ల ఏ నెలలో ఎక్కడ దొరుకుతుందో పుస్తకాల కంటే వాళ్లు బాగా చెప్తారు.

వేళచ్చేరి_లలిత
తప్పకుండా, మస్తాన్ గారూ. అది లేకుండా సర్వే సగమే.

పోరూరు_కిరణ్
ఇంత చర్చ ఎందుకండీ, ఈ ఆదివారం మనమే నలుగురం వెళ్లి ఒక మీటరు గొయ్యి జాగ్రత్తగా తవ్వి చూద్దాం. సున్నానికి పోయేదానికంటే మేలే కదా. నాకు బైకుంది, జల్లెడ నేను తెస్తా.

అడయార్_ప్రసాదరావు
వద్దు బాబూ. నీ ఆత్రం నాకు అర్థమవుతోంది, ఆ వయసులో నేనూ అలాగే ఉండేవాణ్ణి, కానీ వద్దు. పురావస్తు స్థలాల రక్షణకి చేసిన 1958 చట్టం ప్రకారం అనుమతి లేకుండా పురావస్తు తవ్వకం కుదరదు, అదొకటి. రెండోది, జేసీబీ తీసుకెళ్లింది తీసుకెళ్లగా, మిగిలిన గట్టు నిలువునా ఒక పుస్తకం తెరిచి పెట్టినట్టే ఉంది. దాన్ని చదవడానికి కొత్తగా గొయ్యి అక్కర్లేదు. 1863లో పల్లావరంలో రాబర్ట్ బ్రూస్ ఫుట్ అనే భూగర్భ శాస్త్రవేత్తకి మన దేశంలో గుర్తించిన మొదటి పాతరాతియుగపు గొడ్డలి దొరికింది కూడా ఎవరో కంకర కోసం ముందే తవ్విన గోతిలోనే. ఆయన సేకరించిన రాళ్లు ఎగ్మూరు మ్యూజియంలో ఉన్నాయి, ఎప్పుడైనా వెళ్లి చూడు.

వేళచ్చేరి_లలిత
కిరణ్, తవ్వకుండా చేయాల్సిన పనే బోలెడుంది, నీ బైకు దానికి వాడుకుందాం. సర్వే అంటే ముందు నడకే. ఆ గట్టు చుట్టూ పొలాల్లో, దారుల్లో వరుసగా గీత గీసినట్టు నడుస్తాం, మనిషికీ మనిషికీ అయిదారు మీటర్ల ఎడం. గుల్లలు ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిపోతున్నాయో ఫోన్‌లో జీపీఎస్ పాయింట్ పెట్టుకుంటూ పోతే దిబ్బ వెడల్పెంత, పొడవెంత అనేది మ్యాపు మీద తేలిపోతుంది. సముద్రం వేసిన పొర తీరానికి సమాంతరంగా సన్నగా చాలా దూరం సాగుతుంది, మనుషుల దిబ్బ గుండ్రంగానో పొట్టిగానో ఒకచోట గుమిగూడి ఉంటుంది. ఈ ఒక్కటి తెలిసినా సగం సందేహం తీరుతుంది. నేల మీద రాతి పెచ్చులు, ముఖ్యంగా చిటికెన వేలి గోరంత పదునైన చెర్ట్, క్వార్ట్జ్ లాంటి గట్టి రాతి ముక్కలు కనిపిస్తే ఫోటో, పాయింట్, అంతే, తీయకూడదు. తూత్తుకుడి వైపు తేరి ఎర్ర ఇసుక దిబ్బల మీదా, మన భీమిలి ఎర్రమట్టి దిబ్బల దగ్గరా అలాంటి సూక్ష్మశిలా పనిముట్లు దొరికాయి కాబట్టి తూర్పు తీరంలో అలాంటివి ఉండటం వింతేమీ కాదు.

జల్లెడ సంగతి ఎత్తావు కాబట్టి చెప్తున్నా, రేపు అనుమతితో నమూనా తీసినప్పుడు ఇసుక జల్లెడ పనికిరాదు. రెండు మిల్లీమీటర్ల కన్నాలుండాలి. పెద్ద కన్నాల జల్లెడ వాడితే చిన్న చేపల ముళ్లన్నీ జారిపోతాయి, ఆ తరవాత ‘వీళ్లు చేపలు తినలేదు’ అని తప్పుగా రాసేస్తాం. గుల్లల్లోని సున్నం వల్ల ఆ దిబ్బల్లో ఎముకలు బాగా నిలుస్తాయి, ఎర్రమట్టిలో అయితే కరిగిపోతాయి. అందుకే మాకు గుల్లల దిబ్బ అంటే అంత ప్రాణం.

అన్నానగర్_మాధవి
వయసు ఎలా కడతారు? గుల్లనే ల్యాబ్‌కి పంపితే సరిపోతుందా?

అడయార్_ప్రసాదరావు
పంపొచ్చు, కానీ గుల్ల ఉన్న వయసు కంటే ఎక్కువ చెప్తుందమ్మా. వయసు కట్టేది అందులోని కార్బన్‌ని బట్టి. సముద్రపు నీటిలో ఉండే కార్బన్ గాలిలో ఉన్నదానికంటే పాతది, లోతు నీళ్లు పైకి రావడానికి చాలా కాలం పడుతుంది కాబట్టి. ఆ నీళ్లలో పెరిగిన గుల్ల సగటున 400 ఏళ్లు ఎక్కువ వయసు చూపిస్తుంది, ఒక్కో తీరానికి ఆ తేడా మారుతుంది. పులికాట్‌లో నదుల మంచినీళ్లు కూడా కలుస్తాయి, లెక్క ఇంకా చిక్కు. అదే పొరలో గుల్ల పక్కనే బొగ్గు దొరికితే రెండూ పంపి పోల్చుకుంటారు. శ్రీను గారి నల్ల చార అందుకే విలువైనది.

మన దేశంలో గుల్లల దిబ్బలు అంటే మొదట అండమాన్‌నే చూడాలి. స్టోలిజ్‌కా అనే భూగర్భ శాస్త్రవేత్త 1870లోనే వాటి మీద రాశారు. తరవాత అక్కడి చౌల్దారీ అనేచోట జరీన్ కూపర్ అనే పురావస్తు శాస్త్రవేత్త తవ్వితే సుమారు 2,280 ఏళ్ల కార్బన్ తేదీ వచ్చింది. గుల్లలతో పాటు పంది ఎముకలు, కుండ పెంకులు. అక్కడ దిబ్బల వాడకం ఇటీవలి శతాబ్దాల దాకా నడిచింది, అంటే గుల్లల దిబ్బ కనిపించగానే చరిత్రపూర్వ యుగం అనేయకూడదు.

పెరంబూరు_శ్రీను
సార్ మాట నిజమయ్యేలా ఉంది. నిన్న సాయంత్రం మా బావమరిది ఫోటో పంపాడు, పై పొరలో నల్ల చారకి కాస్త పైన, గట్టులోనే ఇరుక్కుని ఒక ఎర్ర కుండ పెంకు కనిపిస్తోంది. లోపలి వైపు సన్నగా గుండ్రటి గీతలు.

వేళచ్చేరి_లలిత
ఆ గీతలు కుమ్మరి చక్రం మీద చేసినవే అనిపిస్తోంది. అది నిజంగా ఆ పొరదే అయితే పొయ్యికి పైన ఉన్న భాగం చారిత్రక కాలానిది. ఎలుక కన్నంలోంచి పైనుంచి జారిందా, పొరలోనే కూర్చుని ఉందా అన్నది గట్టు శుభ్రం చేసి చూస్తేగాని తెలియదు. ఎవరూ నిరాశపడకండి. వెయ్యేళ్ల కిందటిదైనా, రెండువేల ఏళ్లదైనా ఆ ఒడ్డున కూర్చుని గుల్లలు ఉడకబెట్టుకున్న వాళ్ల వంటిల్లు అది, రాజుల శాసనాల్లో వాళ్ల గురించి ఒక్క ముక్క ఉండదు. వాళ్లు ఏం తిన్నారు, ఏ కాలంలో అక్కడ ఉన్నారు అని చెప్పగలిగేది ఈ చెత్తే. గుల్ల అంచున ఆక్సిజన్ ఐసోటోపులు, అంటే బరువులో తేడా ఉన్న ఆక్సిజన్ పరమాణువుల పాళ్లు కొలిస్తే ఏ కాలంలో ఏరారో కూడా తెలుస్తుంది.

ఇప్పుడు పని ఇది. స్థలం తమిళనాడు వైపు ఉంది కాబట్టి రాష్ట్ర పురావస్తు శాఖకి, సెయింట్ జార్జ్ కోటలో ఉన్న భారత పురావస్తు సర్వే చెన్నై ఆఫీసుకి ఒకేసారి రాద్దాం. ఉత్తరం తమిళంలో, ఇంగ్లీషులో నేను రాస్తా. శ్రీను గారి ఫోటోలు, జీపీఎస్, రెండు పొరల వర్ణన చాలు. మనం తేల్చినట్టు రాయొద్దు, కనిపించింది కనిపించినట్టు రాద్దాం.

పెరంబూరు_శ్రీను
మా మామగారు చెరువు యజమానితో మాట్లాడారు. ఆయన మంచిగానే విన్నాడు, చెరువు ఆగిపోతుందేమోనని భయం ఉంది, అది సహజమే. మిగతా మూడు వైపులా తవ్వుకుంటాడు, ఆ ఒక్క గట్టు జోలికి ఇప్పటికి పోనన్నాడు. వాన పడితే జారిపోకుండా టార్పాలిన్ కప్పుతామంటే సరేనన్నాడు.

సూళ్లూరుపేట_మస్తాన్
టార్పాలిన్ నేను తెస్తా తమ్ముడూ, పడవలకి కప్పేది మందంగా ఉంటుంది. గట్టుకి మేకులు కొట్టొద్దు, పైన ఇసుక బస్తాలు పెడదాం. ఆ ట్రాక్టర్లు గుల్లలు దించిన బట్టీ ఎవరిదో కనుక్కున్నా, ఇంకా కాల్చలేదట, కుప్పగా పోసి ఉంచారు. లలితమ్మా, పొర కలిసిపోయినా అందులో ఎముకలు, పెంకులు ఏరితే ఏమైనా పనికొస్తుందా?

వేళచ్చేరి_లలిత
పనికొస్తుంది, మస్తాన్ గారూ! ఏ పొరదో చెప్పలేం కానీ ఏ రకాల గుల్లలున్నాయి, ఎముకలు ఉన్నాయా లేవా అన్నది తెలుస్తుంది. ఆ సంగతి కూడా ఉత్తరంలో చేరుస్తా. ఆఫీసువాళ్లు వచ్చేదాకా కుప్పని కదపకుండా ఉంచమని ఆయన్ని అడగండి, ధర ఎంతో కూడా కనుక్కోండి, అవసరమైతే మనమే చందా వేసుకుని కొందాం.

పోరూరు_కిరణ్
చందాలో నా పేరు ముందు రాయండి. ఆదివారం పొద్దున్నే పొన్నేరి స్టేషన్ దగ్గర ఉంటా. నడకకే, పార తేను.